మైసమ్మ రాయి దగ్గర దిగి, అనంతగిరి ఎక్కి

కిందటేడు యాలాల్ రోడ్డులో సైకిల్ మీది నుంచి పడ్డాను. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి మా ఆయన నా మౌంటెన్ సైకిల్ కంటబడితే చాలు, అమ్మేద్దామనేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "అనంతగిరి గుట్ట మీదికి ఎక్కడా కాలు దించకుండ తొక్కుకుంట పోత. దించిన్నంటే అమ్మెయ్యి" అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. ఈ ప్రయాణానికి కారణం అంతే.

వానలు కాస్త తెరిపి ఇచ్చిన ఆదివారం తెల్లవారుజామున, తెలిసిన ఆటో డ్రైవరు ఖాజా ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని తాండూరు నుంచి బయలుదేరాం. రానూపోనూ పద్దెనిమిది వందలకు ఒప్పుకున్నాడు. వికారాబాద్ దాకా రైల్లో రావడం చవకే కానీ సైకిల్‌తో అవస్థ. దారంతా కంది చేలు. గంటన్నరలో గుట్ట కిందికి చేరాం.

"ఫికర్ జెయ్యకుండ్రి అక్కా, నేను గీడనే చాయ్ తాగుకుంట ఉంట. పరేషాన్ అయితే ఫోన్ కొట్టుండ్రి" అన్నాడు ఖాజా.

గుట్ట మీదికి వెళ్లే ఈ అడవి బాట హైదరాబాద్ సైకిల్ జట్లకు బాగా అలవాటే. ఒక్క సైకిల్ పట్టేంత వెడల్పు, తడిసిన ఎర్రమట్టి, గులకరాళ్లు. కొంచెం లోపలికి వెళ్లగానే రోడ్డు చప్పుడు ఆగిపోయింది. టేకు చెట్లన్నీ తెల్లగా పూశాయి. వాటి మధ్య మబ్బు నేల మీదికి దిగి నడుస్తోంది. నా చక్రం కింద నుంచి ఒక సన్నటి పాయ దాటిపోయింది. ఇలాంటి పాయలే కలిసి మూసీ అవుతాయంటే నమ్మబుద్ధి కాలేదు. మోకాలి సంగతి కాసేపు మరిచే పోయాను.

శిఖరానికి ముందు చివరి ఎక్కుడులో, మేకలు కాస్తున్న ఒక పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పక్కన పసుపు పూసిన రాయి.

"బిడ్డా, దిగు. మైసమ్మ ఉన్నది. గీడ ఎవలైనా దిగి నడిచే పోతరు."

"దిగితే మల్ల ఎక్కలేనమ్మా" అన్నాను, బ్రేకు మీదే వేళ్లు పెట్టి.

"ఎక్కకుంటే నడువు. గుట్ట యాడికి పోతది?"

కోపం వచ్చింది. శిఖరం నాలుగు అడుగుల దూరంలో ఉందనగా, పడ్డ కష్టమంతా మట్టిపాలవుతోంది. కానీ ఆమె చెప్పులు విప్పి నిలబడి ఉంది. ఆమె ముందు నుంచి తొక్కుకుంటూ పోవడానికి మనసు ఒప్పలేదు. దిగాను. దండం పెట్టి, రాయి దాటేదాకా సైకిల్ నడిపించాను.

అసలు కష్టం అప్పుడు తెలిసింది. బాటకు ఎడమవైపు లోయ, కుడివైపు గట్టు. కుడికాలు గట్టుకు ఆనించాలంటే, మొదటి తొక్కుడు ఎడమకాలితోనే తొక్కాలి. ఆపరేషన్ అయ్యాక ఆ కాలితో ఒక్కసారీ మొదలుపెట్టలేదు. గేరు కూడా తగ్గించకుండా దిగాను. ఎక్కబోతే సైకిల్ రెండడుగులు కూడా కదలకుండా ఒరిగింది. వెనక చక్రం ఎత్తి, పెడల్ తిప్పి గేరు తేలిక చేసుకున్నాను. భయంగా ఉంది. ఊపిరి బిగబట్టి ఎడమ పాదం మీద బరువంతా వేశాను. మోకాలు తట్టుకుంది. చక్రం కదిలింది.

"పో బిడ్డా, పో!" అని వెనక నుంచి పెద్దమ్మ కేక వేసింది.

శిఖరం మీద మబ్బు విడిపోయింది. కింద అడవి, అడవి వెనక అడవి, ఎక్కడో నీళ్ల మెరుపు. ఇంత పెద్ద పచ్చదనం మా ఇంటికి ఇంత దగ్గర్లో ఉందని ఇన్నేళ్లూ తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే మా ఆయన ఫోను.

"కాలు దించినవా?"

"దించిన. మైసమ్మ కాడ."

"మల్ల ఎట్లెక్కినవ్?"

"ఎడమకాలుతోని."

"అయితే అమ్మేది లేదు" అన్నాడు.

దిగకుండా పైకి వెళ్లి ఉంటే పందెం గెలిచేదాన్నే కానీ, నా మోకాలి మీద నాకు నమ్మకం వచ్చేది కాదు. ఆ పెద్దమ్మకు పందెం సంగతి చెప్పనే లేదు. మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: పసుపు రాయి కనబడగానే, దిగకముందే గేరు తేలిక చేసుకోండి. అక్కడ అందరూ దిగాల్సిందే, మళ్లీ ఎక్కాల్సిందే.