ఐదో ఫౌల్

వీరాంజనేయులు మాస్టారు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. చిలకలూరిపేట పక్క ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారాయన. టీ తాగుతున్నా కాలు ఆడుతూనే ఉంటుంది, వేళ్లు మెడలో ఈల తాడుని మెలిపెడుతూనే ఉంటాయి. బాస్కెట్‌బాల్ కోర్టులో రిఫరీగా నిలబడితే మాత్రం ఆయన మాటకి తిరుగులేదు. మాస్టారు ఊదాడంటే ఊదాడే అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

రెండువేల రెండులో గుంటూరు, ప్రకాశం జిల్లాల కుర్రాళ్లకి పోటీలు పెట్టారు. ఫైనల్లో చీరాల జట్టు తరఫున శివనాగరాజు అని పదిహేనేళ్ల నేతగాళ్ల పిల్లాడు బంతితో దూసుకొస్తుంటే ఆపేవాడు లేడు. అప్పటికే వాడి మీద నాలుగు ఫౌళ్లున్నాయి. ఐదోది పడితే బయటికే. ఎదుటి జట్టులో కోటేష్ అనేవాడు దారికి అడ్డంగా నిలబడి, అమ్మా అని అరిచి వెల్లకిలా పడ్డాడు. మాస్టారు శివనాగరాజు మీద ఐదో ఫౌల్ ఊదాడు.

"నేను తగల్లేదండి" అన్నాడు శివనాగరాజు. ఒక్కసారే అన్నాడు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

మూడో రోజు బస్టాండులో కోటేష్ స్నేహితులకి ఆ పడటం మళ్లీ పడి చూపిస్తున్నాడు. "నన్ను తాకితే ఒట్టురా. ఈల మోగాకే నేలకి ఆనాను" అంటున్నాడు. స్తంభం వెనక నిలబడ్డ మాస్టారికి అంతా వినపడింది. రాష్ట్ర శిక్షణకి ఎంపికయ్యే పిల్లల జాబితా రావడానికి ఇంకా వారం ఉంది. ఎంపిక చేసేవాళ్లకి ఒక్క ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. పోస్టాఫీసుకెళ్లి కార్డు కొన్నాడు కూడా. అక్కడి బెంచీ మీద పావుగంట కాలు ఆడించి, కార్డు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. తప్పు ఊదానని తన చేత్తో తాను రాసుకోవడానికి మనసొప్పలేదు. జాబితాలో కోటేష్ పేరే వచ్చింది.

దొంగ పడటాన్ని ఎలా పట్టుకోవాలా అని అప్పట్నుంచి మొదలైంది పిచ్చి. పొద్దున్నే పెరట్లో గోతాలు పరిచి, భార్య మల్లేశ్వరిని నెట్టమనేవాడు. అవి మిరపకాయల గోతాలు, ఎంత దులిపినా ఘాటు పోదు. పడ్డప్పుడల్లా నాలుగు తుమ్ములు.

"నెట్టకముందే పడుతున్నారేంటండీ" అనేది ఆవిడ.

"అదే చూస్తున్నా. ముందే తెలిస్తే చేతులు రెండూ వెనక్కెళ్లి నేలని వెతుక్కుంటున్నాయి."

ఈ గోల పడలేక ఒకరోజు ఆవిడ, ఆయన చెప్పులేసుకుంటుండగా చెప్పకుండా నెట్టింది. మాస్టారి కుడిచెయ్యి ఒంటికింద పడి మణికట్టు బూరెలా ఉబ్బింది. నొప్పితో మూలుగుతూనే నవ్వాడు. నిజంగా పడేవాడికి చేతులు సర్దుకునే వ్యవధి ఉండదని ఆయనకి ఆ పొద్దున తెలిసింది. తెలిసి ఏం లాభం, జేబులో కార్డు అలాగే ఉంది.

మరుసటేడు మళ్లీ ఫైనల్. మళ్లీ శివనాగరాజు. వయసు దాటిపోతుంది కాబట్టి వాడికిదే ఆఖరి అవకాశం. మొదటి సగంలోనే వాడు ఎవరూ తాకకుండా దబ్బున పడ్డాడు. రెండు చేతులూ ముందే వెనక్కెళ్లాయి. కోటేష్ పడ్డట్టే పడ్డాడు. ఆ విద్య నేర్పింది తన ఈలేనని మాస్టారికి అర్థమైంది. అయినా ఈల ఊదలేదు. ఆట ఆగినప్పుడు వాడినీ, వాడి కోచ్‌నీ పిలిచి, "ఇంకోసారి నటిస్తే టెక్నికల్ ఫౌలే" అని అందరూ వినేలా హెచ్చరించాడు.

ఆఖరి నిమిషం. చీరాల ఒక్క పాయింటు వెనక. శివనాగరాజు బుట్టలోకి వెయ్యడానికి ఎగిరాడు. ఎదుటివాడి భుజం తగిలిందో లేదో, పక్కకి పడ్డాడు.

"నాటకం సార్, మళ్లీ నాటకం" అని అవతలి బెంచీ లేచి నిలబడింది. జనమూ అదే మాట.

కుర్రాడి కుడిచెయ్యి ఒంటికింద ఉండటం మాస్టారు చూశాడు. ఈల ఊది, ఎదుటివాడి మీద ఫౌల్ ఇచ్చి, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర్నుంచి వేసే ఫ్రీత్రోలు రెండన్నాడు. ఊదాక భయం పట్టుకుంది. నిజంగా చూశానా, పాత తప్పు తీర్చుకోవాలని అలా కనపడిందా?

గీత దగ్గర బంతి అందించాడు. శివనాగరాజు ఎడమచెయ్యి చాచాడు. కుడి మణికట్టు అప్పుడే ఉబ్బుతోంది.

"నీ బదులు వేరేవాడు వెయ్యొచ్చురా" అన్నాడు మాస్టారు.

"నేనే వేస్తానండి."

ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "పోయినేడు నువ్వు తగల్లేదురా. తప్పు నాది."

కుర్రాడు మొహం తిప్పి చూశాడు. "మీకెప్పుడు తెలిసిందండి?"

మాస్టారి కాలు ఆడటం మానేసింది. "మూడో రోజున. జాబితా రాకముందే."

శివనాగరాజు బుట్ట వైపు తిరిగి, ఎడమచేతిలో బంతి పట్టుకుని నిలబడ్డాడు. బంతి అందాక ఐదు సెకన్లలో వెయ్యాలి, దాటితే ఆ బంతి పోయినట్టే. రిఫరీ చెయ్యి ఊపుతూ లెక్కపెట్టాలి. మాస్టారు లెక్కపెట్టలేదు.