గడప ముందు ఫోన్

తిరుపతి హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయికి ఒక అలవాటు. యాప్‌లో పరిచయమైనవాడితో ఒక పూట గడపడానికి వెళ్తే, గడప దాటకముందే వాడి ఎదుటే స్పీకర్ పెట్టి నాకు ఫోన్ చేసేది. "అక్కా, ఈడ ఉండాను" అని ఇంటి గుర్తులు చెప్పేది. నమ్మకం లేదా అని ఒకడు నొచ్చుకుంటే, అట్నుంచి అటే తిరిగొచ్చి నాతో హాయిగా బిర్యానీ తింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వడమాలపేట నుంచి అలాగే చేసింది. గంట తర్వాత తెలియని నంబరు నుంచి మగగొంతు. 

"అక్కా, ఆమె మధ్యలో వద్దనింది. బస్సెక్కించినాను. ఆమె ఫోన్‌లో చార్జింగ్ లేదు, నీ నంబరిచ్చింది. చేరినాక నాకు చెప్పక్కా."

ఆమె నవ్వుకుంటూ వచ్చింది. "మళ్ళీ వాని కాడికే పోతానక్కా."

"వద్దన్నావంట కదా?"

"అన్నాను. వినినాడు గదా, అందుకే."