మండువాలో గుసగుస

యాభైల తొలినాళ్ళలో, మైకు పెడితే పాడనన్న ఒక విద్వాంసుడి కచేరీకి తగిన పాత లోగిలిని వెతకడానికి మా మావగారు అద్దెకారు మాట్లాడి, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే నన్ను వెంటబెట్టుకుని అమలాపురం నుంచి బయలుదేరారు. ప్రతి ఇంటివారూ తమ మండువాలో గుసగుసలాడినా మేడమీదికి వినిపిస్తుందనే చెప్పారు. నేను మేడెక్కి పరీక్షించిన మొదటి రెండిళ్ళలో కాకుల అరుపులు తప్ప ఏమీ వినిపించలేదు.

మూడో ఇల్లు కొత్తపేట దగ్గర. తాతల నాటి నుంచీ కచేరీలు జరిగిన మండువా అది. ఇదీ తప్పితే కచేరీ కాకినాడకు పోతుందని ఇంటాయన దిగులుపడ్డాడు. అనబోయే మాట ముందుగా నాకు తెలియకూడదని షరతు పెట్టి మేడెక్కాను. ఆయన తల్లిగారు మండువాలో నిలబడి మా మావగారి చెవిలో ఏదో అన్నారు. ప్రతి అక్షరమూ నాకు స్పష్టంగా అందింది.

"ఏవండీ అల్లుడుగారూ, వినపడిందాండీ?" అని ఇంటాయన ఆత్రంగా కేకేశాడు.

వినపడలేదని చెబితే నా పరువు దక్కేది. కానీ ఫలితాన్ని మార్చి చెప్పడానికి నా చదువు ఒప్పుకోలేదు.

"'మీ అల్లుడుగారు మంగళసూత్రాన్ని కూడా గీటురాయి మీద గీసిగానీ కట్టుండరండీ' అన్నారండి" అని అప్పజెప్పాను.

కింద నవ్వులు చెలరేగాయి. "ఆయ్, గీసేరండీ! పెళ్ళిపీటల మీదే గీసేరు!" అన్నారు మావగారు.

"పీటల మీద కాదండి, విడిదింట్లో" అని గొంతు తగ్గించి సవరించాను.

ఆ మాట వీధరుగు మీద కునుకుతున్న కారు డ్రైవరుకు సైతం వినిపించిందట. కచేరీ అక్కడే జరిగింది.