మూడో బేస్‌కి నేను రాను

మా పిన్ని ఉద్యోగం లారీల కాటా దగ్గర. అద్దాల గదిలో కూర్చుని, తెర మీద అంకె కదలకుండా నిలబడేదాకా చూసి అప్పుడు చీటీ ఇస్తుంది. ఒక్క చక్రం కాటా అంచు మీద ఉన్నా ఇవ్వదు. డ్రైవర్ హారన్ కొట్టినా, బతిమాలినా, యజమాని చేత ఫోన్ చేయించినా సరే, ముందు బండి సరిగ్గా పెట్టమంటుంది. ఎదురుగా అందరూ కాటా అక్క అంటారు. వెనకాల ఏమంటారో ఆమెకు తెలుసు, లెక్క చెయ్యదు.

ఆదివారాలు మాత్రం ఆమె బేస్‌బాల్ అంపైర్. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. తిట్లు తినడానికి ఎండలో అంత దూరం పోవాలా, ఇంట్లో ఉంటే నేను తిట్టనా అంటుంది మా అమ్మ.

పెద్ద పోటీల్లో నలుగురు అంపైర్లుంటారు. మా మైదానంలో ఇద్దరే. బంతి కొట్టే ప్లేట్ దగ్గర, క్యాచర్ వెనక మాస్క్ పెట్టుకుని ఒకరు, లోపల, పరిగెత్తేవాళ్లు వరసగా తొక్కాల్సిన మూడు బేస్‌ల దగ్గర ఇంకొకరు. చూడాల్సిన చోట్లు నాలుగు, చూసేది ఇద్దరు. అందుకే ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో ముందే పంచుకుంటారు. మొదటి బేస్ మీద ఒక రన్నర్ ఉండగా బంతి దూరంగా వెళ్లిందనుకోండి. కొట్టినవాడు మొదటి బేస్ తొక్కాడా లేదా అన్నది లోపలి అంపైర్ చూడాలి. ముందున్న రన్నర్ మూడో బేస్‌కి పరిగెడితే, ప్లేట్ వెనకున్నాయన అక్కడికి రావాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

లోపలి అంపైర్ మా పిన్ని. ప్లేట్ వెనక ఉండేది మాస్టారు. బళ్లో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. పిన్నికి ఈ పని నేర్పిందీ ఆయనే. రెండేళ్ల కిందట ఆయనకు మోకాలు పట్టేసింది. ఒకరోజు మూడో బేస్‌కి రాలేక సగంలో ఆగిపోతే, ఆయన పరువు పోకూడదని పిన్ని పరిగెత్తి ఆయన బదులు చూసింది. తర్వాతి వారమూ చూసింది. ఆ తర్వాత ఆయన కదలడమే మానేశారు. పిన్ని అది గురువు మీద గౌరవమనుకుంది. నేనైతే వెట్టిచాకిరీ అంటాను.

పోయిన నెల ఆ గౌరవం ఆమె మెడకే చుట్టుకుంది. ఆమె మూడో బేస్ వైపు పరిగెత్తగానే, కొట్టినవాడు మొదటి బేస్‌ని తొక్కకుండా జానెడు పక్కనుంచి దాటేశాడు. మైదానం పక్క మెట్ల మీద కూర్చున్న నాకు కూడా కనపడింది. కనపడనిది ఆమెకే. అవతలి జట్టు ఔట్ ఇమ్మని అడిగితే, చూడనిదాన్ని ఎలా ఇస్తుంది, ఇవ్వలేదు. గోల గోల అయింది. బేస్‌బాల్ సంఘం కార్యదర్శి ఆమెను తన గదికి పిలిపించి, ఇంకొక్క తప్పు జరిగితే అంపైర్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తానన్నాడు. మాస్టారు అక్కడే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారట. పిన్ని చెప్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాతి ఆదివారం ఆటకు ముందు, మాస్టారు కాళ్లకు ప్యాడ్లు కట్టుకుంటుంటే పిన్ని వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మాస్టారూ, ఈరోజు మూడో బేస్‌కి నేను రాను. అది మీది."

చూద్దాంలే అన్నారాయన, తలెత్తకుండా.

ఐదో ఇన్నింగ్స్‌లో ఆ ఘడియ రానే వచ్చింది. మొదటి బేస్ మీద రన్నర్. బంతి కుడివైపు దూరంగా పడింది. పిన్ని మొదటి బేస్ మీద కళ్లు పెట్టి కదలకుండా నిలబడింది. కొట్టినవాడి బూటు బేస్ నట్టనడుమ పడింది. అవతల మూడో బేస్ దగ్గర దుమ్ము లేచింది. బంతి పట్టిన గ్లవ్ కాలికి తగిలి రన్నర్ ఔటయ్యాడో లేదో చెప్పే దిక్కు లేదు. అందరూ పిన్ని వైపు తిరిగారు. ఆమె మాస్టారి వైపు చెయ్యి చూపించింది. ఆయన ప్లేట్ దగ్గర్నుంచే సేఫ్ అన్నారు.

కార్యదర్శి ఊగిపోతూ మైదానంలోకి వచ్చాడు. మూడో బేస్‌కి ఎందుకు పోలేదని అందరి ముందూ నిలదీశాడు.

"నేనక్కడికి పోతే మొదటి బేస్ ఎవరు చూస్తారండీ? చూడలేదనేగా పోయిన నెల పిలిపించారు."

ఆట అవగానే పేరు కొట్టేస్తున్నానన్నాడు. ఇప్పుడే వెళ్లిపోయినా తనకేం అభ్యంతరం లేదన్నాడు.

"ఇంకా అవలేదుగా. మీరు బయటికి నడవండి, ఆట జరగాలి."

మెట్ల మీద ఎవరో పగలబడి నవ్వారు. నేనే.

ఏడో ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే పరిస్థితి. బంతి దూరంగా పడింది, రన్నర్ మూడో బేస్‌కి పరుగు లంకించుకున్నాడు, పిన్ని మొదటి బేస్ వైపే తిరిగింది. ప్లేట్ దగ్గర్నుంచి "మూడోది నాది" అని కేక వినపడింది. మాస్టారు మాస్క్ ఊడబెరికి చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ వస్తున్నారు. అడుగు పడినప్పుడల్లా ముఖం వంకర పోతోంది. రన్నర్ జారేసరికి ఆయన అక్కడున్నారు. వంగి చూసి, పిడికిలి ఎత్తి ఔట్ ఇచ్చారు. కొట్టినవాడు రెండో బేస్ దగ్గర ఆగేదాకా పిన్ని కళ్లు అతని కాళ్ల మీదే ఉన్నాయి.

మాస్టారు మోకాలు పట్టుకుని, కార్యదర్శి నిలబడిన కంచె వైపు తిరిగారు. ఆయన గొంతు మెట్ల దాకా వినపడింది.

"ఈ బేస్ మొదట్నుంచీ నాదేనయ్యా. రెండేళ్లుగా రానిది నేను. కొడితే నా పేరు కొట్టు."

కార్యదర్శి చేతిలోని అంపైర్ల జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాస్టారు పిన్ని వైపు చూశారు, ఏదో ఒక మాట అంటుందని కాబోలు.

"మాస్టారూ," అంది పిన్ని, "ప్లేట్ దగ్గర ఎవరూ లేరు."