మూడో మలుపు దగ్గర త్రిపురసుందరి

పామర్రు దాటాక, అమ్ముడుపోని రియల్ ఎస్టేట్ వెంచరు ఒకటుంది. ఇళ్లు లేవు, మట్టిరోడ్లు మాత్రం ఉన్నాయి. బెజవాడ కార్ రేసింగ్ క్లబ్బు వాళ్లు ఏటా ఫిబ్రవరిలో అక్కడే పోటీలు పెట్టుకుంటారు. కార్లు నడిపేది ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే మామూలు మనుషులే.

ఆ పోటీల్లో మూడో మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేది త్రిపురసుందరి. వయసు యాభై రెండు. భవానీపురంలో ఉంటూ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పన్నెండేళ్ల క్రితం, క్లబ్బు నడిపే తమ్ముడు సుబ్బారావుకి క్యారియర్ ఇవ్వడానికి వెళ్లింది. జెండా పట్టాల్సిన మనిషి రాకపోతే ఆ పూటకి తను నిలబడింది. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు. ప్రథమ చికిత్స, దెబ్బతిన్నవాళ్లని ఎత్తే పద్ధతీ నేర్చుకుని, క్లబ్బులో అందరికీ తనే నేర్పింది.

మొన్నటి ఫిబ్రవరిలో దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టించారు. మూడో మలుపులో ఎక్కువ పడ్డాయి. కాలితో రాసి చూస్తే మట్టి జారుతోంది. ఆ పక్కనే మురుగు కాలువ. వాకీటాకీలో తమ్ముణ్ణి పిలిచింది.

"సుబ్బూ, ఇక్కడ నేల జారుతోందిరా. కాసేపు ఆపు."

"ఎండ కాస్తోందిగా అక్కా, ఆరిపోతుందిలే. ఈ ఒక్క రౌండూ కానియ్యి."

ఆమె దగ్గర ఎర్రజెండా ఉంది. అదెత్తితే ఎవరైనా ఆగాల్సిందే, తమ్ముడి మాటతో పనిలేదు. ఎత్తలేదు. నెమ్మదిగా రమ్మని పసుపు జెండా మాత్రం ఊపింది.

రెండు కార్లు దాటాయి. మూడోది అఖిలేష్‌ది. బ్యాంకు ఉద్యోగి, పెళ్లై ఏడాది. బ్రేకు వేసినా కారు ఆగలేదు. గట్టు మీద పల్టీ కొట్టి, తలకిందులుగా కాలువలో పడింది.

అప్పుడెత్తింది ఎర్రజెండా. దాన్ని అక్కడే పారేసి, ప్రథమ చికిత్స సంచీలోని కత్తెర తీసుకుని చీరతోనే కాలువలోకి దిగింది. రొమ్ముల్లోతు నీళ్లు, పైన గుర్రపుడెక్క. తలుపు బురదలో కూరుకుపోయి రావడం లేదు. కిటికీలోంచి చెయ్యి పెడితే అఖిలేష్ చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకున్నాడు.

"వదలరా నాన్నా, బెల్టు కొయ్యాలి!" అని అరిచింది. నీళ్లలో ఉన్నవాడికి ఏం వినపడుతుంది? వేళ్లు విడదీసుకుని మునిగింది. తడుముతూ ఒక పట్టీ కోసింది. రెండోది అందలేదు. ఊపిరాడక పైకొచ్చి, మళ్లీ మునిగి చెయ్యి పట్టుకుంటే ఈసారి అది పట్టుకోలేదు.

క్లబ్బు మనిషి, ఆటోనగర్‌లో క్రేను నడిపే మరియదాసు పదిమందితో వచ్చిపడ్డాడు. కారు ఒక పక్కకి ఎత్తారు. ఆమె రెండో పట్టీ కోసింది. గట్టు మీద పడుకోబెడితే ఊపిరి లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ గుండెల మీద నొక్కింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. మళ్లీ ఒకటి నుంచి.

"అయిపోయిందేమోనమ్మా," అన్నాడు మరియదాసు.

"నోర్ముయ్యి!" అంది. పన్నెండేళ్లలో ఆమె ఎవర్నీ అంతమాట అనలేదు. ఎన్నోసారో తెలీదు, అఖిలేష్ నీళ్లు కక్కాడు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు కళ్లు తెరవలేదు. మెదడుకి ప్రాణవాయువు అందలేదు, ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. బడి వదలగానే వచ్చి ఐసీయూ బయట కూర్చునేది త్రిపురసుందరి. అతని భార్య మనోజ్ఞ ఆమె చేతులు పట్టుకుని, "మీరే బతికించారండీ" అని ఏడిచింది. ఆ మాట భరించడం కష్టమైంది.

"నేల సంగతి బయటికి చెప్పకక్కా," అన్నాడు సుబ్బారావు. "క్లబ్బు పోతుంది."

"పోనీరా," అని లోపలికెళ్లి మనోజ్ఞకి చెప్పేసింది. జారుతోందని తనకి తెలుసనీ, ఆపగలిగీ ఆపలేదనీ.

మనోజ్ఞ లేచి నిలబడింది. "వెళ్లిపోండి," అంది.

వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి, వచ్చేపోయేవాళ్లని అడిగి తెలుసుకునేది. పదోరోజు అతను కళ్లు తెరిచాడని మరియదాసు చెప్పాడు. కానీ కుడిచెయ్యి, కుడికాలు లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. క్లబ్బు పోటీలు ఆగిపోయాయి. తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు.

జూన్‌లో ఫోనొచ్చింది. మనోజ్ఞ.

"మంగళ, శుక్రవారాలు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలండీ. నాకు సెలవు దొరకట్లేదు. మిమ్మల్ని క్షమించి పిలవట్లేదు. ఎత్తి కూర్చోబెట్టడం మీకు తెలుసు కాబట్టి పిలుస్తున్నాను."

"ఎన్నింటికి రమ్మంటావమ్మా?" అంది త్రిపురసుందరి.