వాగును పక్కకు జరిపింది నేనే

కొన్నేళ్లుగా ఇది గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

మాది గుడివాడ దగ్గర పల్లె. మచిలీపట్నంలో ఒక చిన్న ఆఫీసులో కొండవాగులకు కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేసేవాణ్ణి. ఉపగ్రహం ఇచ్చిన నేల ఎత్తులను బట్టి, వాన పడితే నీరు ఏ దారిన దిగుతుందో కంప్యూటరే గీత గీస్తుంది. ఎత్తులు సరిచూసే పని సుగుణది. దివిసీమ అమ్మాయి, నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆఖర్న చూసి పైకి పంపేవాణ్ణి నేను.

ఒక కొండ ఊళ్లో కొత్త ఇళ్లకు స్థలం చూశారు. వాగు గీత సరిగ్గా ఆ స్థలం మీదుగానే వచ్చింది. ఫొటోల్లో చూస్తే అక్కడ చుక్క నీరు లేదు. నీళ్లంటే కాలవకు వదిలితే వచ్చేవని తెలిసి పెరిగినవాణ్ణి. ఎండు నేల మీద వాగేమిటి, కంప్యూటర్ తప్పు అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుమానం ఉందని రాస్తే కొండెక్కి చూసి రమ్మంటారని బద్ధకించానా? బద్ధకమే. పొలంలో గండికి పారెడు మట్టి వేసినట్టు కంప్యూటర్లో ఆ చోట నేల ఎత్తు కాస్త పెంచాను. గీత పక్కకు తప్పుకుంది. సుగుణకు చెప్పకుండా పంపేశాను.

ఇళ్లు కట్టారు. మొదటి పెద్ద వానకే వాగు ఆ ఇళ్లలోంచి పోయింది. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురద. మనుషులెవరూ పోలేదని తెలిశాక ముందు నాకు తోచింది, బతికిపోయాను అని. వాళ్లు కాదు, నేను. ఛీ. విచారణలో అడిగితే, ఎత్తులు చూసేది ఆవిడేనండి అన్నాను. అబద్ధం కూడా కాదు, అందుకే తలుచుకుంటే మరీ రోత. సుగుణ ఉద్యోగం పోయింది.

మొన్న పామర్రులో బస్సు కోసం నిలబడితే ఎదురైంది. బట్టల కొట్లో పనిచేస్తోందట.

"బాగున్నారా అన్నయ్యా? వదినగారు, పిల్లలు?"

"బాగున్నామమ్మా. మళ్లీ మన పనిలోకి రాలేదేం?"

"వద్దులెండి. అప్పుడు నేనే ఎక్కడో సరిగ్గా చూసుకోలేదు. నా మూలాన మీరూ మాటపడ్డారు. ఏమీ అనుకోకండి అన్నయ్యా."

ఏమీ అనుకోనమ్మా అన్నాను. విన్నారా? ఆమెను నేను క్షమించాను. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి కూడా ఊపాను.

నన్ను మీరు క్షమించక్కర్లేదు. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. సుగుణ సరిగ్గానే చూసింది. ఆ ఎత్తు మార్చింది నేను. ఇదిగో, రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది. ఆ సుఖం కూడా నాకే, ఆమెకు కాదు.