దిండు కింద బెల్లం

తాడిపత్రిలో బండల పాలిష్ పనివాళ్లకు దగ్గు చుట్టంలాంటిది. పని దిగాక అందరం ఒకచోట కూర్చుని తలా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం. గొంతులో దుమ్ము దిగిపోతుందని మా నమ్మకం. కరోనా రెండో వేవ్‌లో నాకు జ్వరంతో పొడిదగ్గు పట్టుకున్న రోజు, పక్క మిషన్ మీద పనిచేసే రామాంజులు ఇంకో ముక్క ఎక్కువిచ్చాడు. "దుమ్ము దగ్గేలేప్పా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

వారం తిరిగేసరికి జ్వరం తగ్గింది. గండం గడిచిందని నా భార్య ఆదెమ్మ దిష్టి తీసింది. మర్నాడు తలుపు దాకా నడిచేసరికి ఊపిరి అందలేదు. ఆక్సిజన్ బాగా పడిపోయిందని అనంతపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చుకుని సి.టి. స్కాన్ తీశారు. ఆదెమ్మను గేటు దగ్గరే ఆపేశారు.

వార్డులో అందరూ నిలువెల్లా కప్పే పీపీఈ సూట్లలోనే, ఎవరు డాక్టరో ఎవరు నర్సో కళ్లను బట్టి పోల్చుకోవాలి. చుట్టూ అంతమంది ఉన్నా నా పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

డాక్టరమ్మ డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఆ పేరు నాకు తెలుసు. మా అమ్మకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే వేసేవాళ్లు. ఊపిరాడనివాడికి దద్దుర్ల మందా? నా మీద ఆశ వదులుకున్నారనుకుని ఏడ్చాను. రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడిగేశాను.

"వైరస్‌ను కొట్టాల్సిన నీ ఒళ్లే అదుపు తప్పి నీ ఊపిరితిత్తులను కొడతాండాది. సైటోకైన్ స్టార్మ్ అంటారు దీన్ని. మందు పాతదే, ఆ కొట్లాటను ఆపేదానికి ఇప్పుడు పనికొస్తాండాది. ఆక్సిజన్ పడకముందే వేసుంటే మాత్రం చెరుపు చేసేది" అందామె.

ఆక్సిజన్ కాస్త పెరుగుతోందనగా షుగర్ ఎగబాకింది. అంతకుముందు నాకు షుగర్ లేదు. ఈ మందుతో పెరగడం మామూలే గానీ మరీ ఇంతగా ఎందుకని ఆరా తీస్తే, నా దిండు కింద పొట్లం బయటపడింది. ఆదెమ్మ గేటు దగ్గర ఇచ్చే క్యారియర్‌లో రామాంజులు రోజూ బెల్లం పెట్టి పంపేవాడు. మనుషులెవరూ రాలేని చోటికి అదొక్కటే వచ్చేది. నోట్లో వేసుకుంటే మావాళ్ల మధ్య కూర్చున్నట్టుండేది.

"షుగర్ ఇట్లే పెరిగితే బ్లాక్ ఫంగస్ పడతాది, కన్ను పోతాదప్పా" అని డాక్టరమ్మ పొట్లం తీసుకుపోయింది. ఇన్సులిన్ పెట్టారు. ఆ సాయంత్రం ఊపిరి ఆడుతున్నా నాకు బతకాలనిపించలేదు.

బతికాను. ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలాయి, షుగర్ కూడా ఉండిపోయింది. దుమ్ములో పని వద్దన్నారు గనక ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు చూసుకుంటున్నాను. సాయంత్రం వాళ్లు బెల్లం పంచుకునేటప్పుడు నేనిక్కడే ఉండిపోతాను. మొదట్లో రామాంజులు రమ్మని పిలిచేవాడు. నేను తినలేనని తెలిశాక పిలవడం మానేశాడు. నన్ను బాధపెట్టకూడదనే మానేశాడు, అదే ఇంకా బాధగా ఉండేది.

మొన్న వాడు దగ్గుతూ రెండో ముక్క తీసుకోవడం గేటు దగ్గర్నుంచే చూశాను. జ్వరం వచ్చి తగ్గిందట. నా జేబులో ఎప్పుడూ ఉండే, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ తీసుకుని, పిలవకుండానే వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చున్నాను.

"ముందు వేలు ఇట్టియ్యి. బెల్లం యాడికీ పోదు" అన్నాను.

వాడి ఆక్సిజన్ బాగానే ఉంది. మీకూ చెప్పేదొక్కటే. జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఆక్సిజన్ చూసుకోండి. ఒంటరిగా ఉన్నవాళ్ల వేలు మీరే అడిగి పట్టుకోండి.